పిలుపులోని యెచ్చుతగ్గులు

పదేండ్ల బాలుడు అరువదేండ్ల పాలేరును 'ఒరే' యని పిలుచుట, ఆ వృద్ధుడు 'అయ్యా' యని బదులు పలుకుట మన పల్లెలలో తరతరములుగ సాగిన యాచారము. తెలంగాణమున నిదియే 'నీ బాంచెను, దొరా' యను మాటగ వెలసినది. ఇది పూర్తిగ నంతరించినదని మేము చెప్పజాలము.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే నంటరానితనమును రద్దుచేసెను. దాని నాచరించువారిని శిక్షించు శాసనము 1955లో వచ్చెను. అయినను కాఫీ హోటళ్లలో రెండు విధముల గ్లాసులు ఆ పిదపను పలుతావుల నిలిచియే యుండెను.

పిలుపు అల్పవిషయమని కొందరందురు. మేమట్లు తలంపము. దినమునకు పదిమార్లు తల వంచినవాడు తనకు రావలసిన కూలి నడుగబోయినప్పుడు తల యెత్తజాలడు. 'ఒరే' యన నేర్చిన బాలుడు పెద్దవాడై, ఎదురుమాటనే నేరముగ నెంచును. 1985 జులైలో కారంచేడున, మాదిగలు త్రాగు చెరువునీటిని పాడుచేయవలదని యడ్డుచెప్పుటతో మొదలైన వివాదము ఆరుగురు మాదిగల హత్యకు దారితీసెను.

ఇది పల్లెల దోషమేయని పట్టణవాసులు తప్పించుకొనరాదు. పనివారికి వేరుగ గ్లాసు నుంచు నిండ్లు పట్టణములందును గలవు. చదువరులారా! ఈ సంస్కరణమునకు సభలక్కరలేదు, చందాలక్కరలేదు. మీ వాకిలి నూడ్చు వృద్ధురాలిని 'మీరు' అని పిలువుడు. మీ బిడ్డలచే పిలిపింపుడు. మీరు త్రాగు గ్లాసుననే యామెకు నీరిండు. రేపటి యుదయముననే యిది యారంభింపవచ్చును.