డిస్కులో ఎవరి నిశానీ? ఎవరి జబాన్?

మన షహర్‌లో ఏ కంప్యూటర్ రిపేర్ దుకాణానికైనా వెళ్లి "విండోస్ వేయి భాయ్" అనండి. బిల్లు అడగడు, లైసెన్సు మాట ఎత్తడు. పెన్ డ్రైవ్ గుచ్చి గంటలో మిషన్ చేతికిస్తాడు. ఈ మధ్య దానికో కొత్త షోకు కూడా తోడైంది. ఆన్ చేయగానే 'మై కంప్యూటర్' ఉండాల్సిన చోట కాబా షరీఫ్, ఫోల్డర్ల మీద మినార్లు, రీసైకిల్ బిన్ మీద ఆకుపచ్చ చాంద్. "ఇస్లామిక్ విండోస్" అట! ఇంట్లో అమ్మీ చూసి "మాషా అల్లాహ్" అంటుంది, పిల్లలు ఖుష్, దుకాణంవాడికి గిరాకీ.

నేను మాత్రం మాషా అల్లాహ్ అనలేను. ఎందుకనలేనో చెప్తాను. కోపం రానివారు చదవండి, వచ్చినవారు ఇంకా జాగ్రత్తగా చదవండి.

మొదట అదెట్లా తయారవుతుందో తెలుసుకోండి. విండోస్ ఐకాన్లలో చాలావరకు విడివిడి బొమ్మలుగా ఉండవు, కొన్ని సిస్టమ్ ఫైళ్ల కడుపులో మూటగట్టి ఉంటాయి. ఎక్స్‌పీ కాలంలో షెల్32 అనే డీఎల్ఎల్ ఫైలు, విస్టా నుంచి ఇమేజ్‌రెస్ అనే ఇంకొకటి ముఖ్యం. రిసోర్స్ హ్యాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైలు పొట్ట కోసి, పాత బొమ్మ తీసి కొత్త బొమ్మ కుడతారు. ఎక్స్‌పీ సీడీలో అయితే ఐ386 ఫోల్డర్‌లో ఆ ఫైలు నొక్కిపెట్టి ఉండేది. దాన్ని విప్పి, మార్చి, చెక్‌సమ్ సరిచేసి, మళ్లీ నొక్కి అక్కడే పెట్టేవారు. తర్వాతి విండోస్‌లలో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే పెద్ద మూటను తెరిచి అదే పని చేస్తున్నారు.

మరి ఇన్‌స్టాల్ అయినాక మార్చకుండా ఇన్‌స్టాలేషన్ ఫైళ్లలోనే ఎందుకు మారుస్తారు? నడుస్తున్న విండోస్ ఒప్పుకోదు కాబట్టి. విండోస్ 2000 నాటి నుంచే సిస్టమ్ ఫైలు మారితే పాతది తెచ్చి పెట్టే పహరా ఉంది. విస్టా నుంచి ఆ ఫైళ్లకు ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే యజమానిని పెట్టారు. ఇంటాయన అడ్మినిస్ట్రేటర్ అయినా సరే, మామూలుగా చెయ్యి పెట్టలేడు. ఆ పహరాను దాటేందుకు దొడ్డిదారి, బిడ్డ పుట్టకముందే జన్యువు మార్చినట్టు, డిస్కులోనే మార్చేయడం.

నా మొదటి సవాల్ ఇక్కడే. బొమ్మ మార్చడానికి పొట్ట కోసినవాడు అదే చేత్తో లోపల ఇంకేం పెట్టి కుట్టాడో మీకు తెలుసా? అసలు డిస్కుకు ఒక హ్యాష్ నంబరు ఉంటుంది. ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మారిపోతుంది. అసలుదా కాదా అని పోల్చుకోవడానికి దారి అదే. పొట్ట కోసిన డిస్కుకు ఆ గవాహీ పోయింది, ఫైలు మీదున్న డిజిటల్ మొహర్ కూడా పగిలింది. ఆ మిషన్‌లోనే మీరు బ్యాంకు ఖాతా తెరుస్తారు, బిడ్డ స్కాలర్‌షిప్‌కు ఆధార్ నంబరు కొడతారు. అమానత్ అంటే ఏమిటో జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు వినలేదు? ముక్కూ మొహం తెలియనివాడు కుట్టిన మూటను కాబా బొమ్మ చూసి నమ్మేస్తామా? దొంగ సరుకు మీద కాబా అతికిస్తే అది హలాల్ అవుతుందా?

రెండో సవాల్ అదబ్‌ది. ఐకాన్ అంటే గోడకు వేలాడే తుగ్రా కాదు. నొక్కుతాం, ఈడుస్తాం, దాని మీద ఇంకోటి పడేస్తాం. పిల్లవాడు ఆ కాబా బొమ్మను మౌస్‌తో పట్టి ఈడ్చుకెళ్లి కచ్రా డబ్బా దగ్గర వదిలితే ఏమంటారు? ఆ కచ్రా డబ్బా మీద చాంద్ ఎందుకున్నట్టు? దీన్‌కు ఖిద్మత్ చేస్తున్నామనుకుని చేసిన మజాక్ ఇది.

మూడో సవాల్ అన్నింటికన్నా పెద్దది. బొమ్మ మారింది సరే, బొమ్మ కింద మాట మారిందా? కాబా కింద 'దిస్ పీసీ' అనే ఉంది, ఇంగ్లీషులో. ఉర్దూ మీడియం బిడ్డకు అక్కడ ఉర్దూ లేదు, తెలుగు చదివే బిడ్డకు తెలుగు లేదు. పహచాన్ అంటే పై రంగేనా?

పై రంగు ఎవరు వేస్తారో వాళ్లదే పెత్తనం అని సర్కార్లకు మనకన్నా ముందే తెలుసు. ఉత్తరప్రదేశ్‌లో 2013లో ఇంటర్ పాసైన పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచారు. ఆన్ చేయగానే ములాయం, అఖిలేష్ మొహాలు. వాటిని తీసేయబోతే మిషన్ మొరాయిస్తోందని అప్పట్లో పత్రికలు రాశాయి. మన దగ్గర 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు నాడు, ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. టీచర్లతో కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు. ఏ యాప్ ఉండాలో, ఏది ఉండకూడదో ముందే తాళం వేసి ఇచ్చారు. నాయకుల మొహాలు కనిపించాయా లేదా అని పార్టీలు కొట్లాడుకుంటాయి. ఉర్దూ కీబోర్డు ఉందా, ఉర్దూ పాఠం ఉందా అని మనలో ఎంతమందిమి అడిగాం? అదే 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేస్తూ చట్టం చేశారు. మిషన్‌లో లేని జబాన్ దఫ్తర్‌లోకి ఎట్లా వస్తుంది? చట్టం కాగితం మీదే పడుంటుంది, మనం కాబా ఐకాన్ చూసుకుంటూ కూర్చుంటాం.

ఇక రెండో దారి చూడండి. 2005 ప్రాంతం నుంచి హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేశారు. సీడాక్‌వాళ్లు 2007లో బాస్ లినక్స్ తెచ్చారు, అందులో తెలుగుకూ చోటుంది, ఉర్దూకూ చోటుంది. ఇట్లాంటి వ్యవస్థల్లో ఐకాన్లు ఎవరి పొట్టలోనూ దాక్కోవు. యూఎస్ఆర్, దాని లోపల షేర్, దాని లోపల ఐకాన్స్ అనే ఫోల్డర్. ఒక్కో బొమ్మ ఒక్కో విడి ఫైలు, పక్కనే ఏ బొమ్మ ఏ సైజులో ఎక్కడుందో చెప్పే చిన్న జాబితా. మీ బొమ్మలతో ఇంకో ఫోల్డర్ చేసి పెట్టుకోండి, పాతది చెడదు. మీ మార్పులతో ఇన్‌స్టాలేషన్ డిస్కే తయారు చేసి ఊరంతా పంచినా నేరం కాదు, లైసెన్సే ఇజాజత్ ఇస్తోంది. కేరళ సర్కారు బడుల కోసం ఇట్లాగే సొంత లినక్స్ తయారు చేసుకుంది. 2019 నాటికి రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లకు అదే. అక్కడ అయ్యే పని అనంతపురంలో ఎందుకు కాదు?

"తెలుగు కంప్యూటర్ మనకెందుకు, ఆ గ్రాంథికం మన నోట్లో తిరగదు" అనే భాయిలు ఉన్నారు. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, రెండు గట్ల మీదా నిలబడి చెప్తున్నాను. తెలుగు కంప్యూటర్‌లో క్యాన్సిల్‌కు ఏమని రాశారో చూశారా? రద్దు. కాపీకి నకలు. లిస్టుకు జాబితా. ఫైలుకు దస్త్రం. అడ్రసుకు చిరునామా. చెత్తబుట్టను ఏం చేయమంటుంది? ఖాళీ చేయమంటుంది. అడుగున 'అన్ని హక్కులు'. రద్ద్, నఖల్, జాబితా, ఖాలీ, హఖ్... ఇవి ఎవరింటి లఫ్జులు? అరబీలో పుట్టి, ఫార్సీ ఉర్దూల మీదుగా తెలుగు గడప దాటి వందల ఏళ్లయింది. ఆ తెలుగును "మనది కాదు" అంటే మన నానా నానీల సొమ్మును మనమే పారేసినట్టు. ఉర్దూ కలిస్తే తెలుగు చెడిందని పెదవి విరిచే పండితులకూ ఇదే జవాబ్: ఈ మాటలు తీసేసి కంప్యూటర్‌లో ఒక్క దస్త్రానికి నకలు తీసి చూపించండి.

ఉర్దూ సంగతి ఇంకా నాజూకు. నస్తాలీఖ్ లేని ఉర్దూ మనకు కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. విండోస్‌తో పాటు నస్తాలీఖ్ అక్షరం రావడానికి 2012లో విండోస్ 8 దాకా ఆగాల్సి వచ్చింది. గూగుల్ 2014లో నోటో నస్తాలీఖ్ ఉచితంగా ఇచ్చింది. ఐఫోన్‌లో 2017లో వచ్చింది, దానికోసం ఉర్దూవాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. ఐకాన్ కథ ఇక్కడ మళ్లీ వస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కదా, 'వెనక్కి' అనే బాణం గుర్తు ఎడమకు చూస్తే మన బిడ్డకు అది ముందుకు! అందుకే లినక్స్ ఐకాన్ ఫోల్డర్లలో కుడి నుంచి ఎడమకు రాసే భాషల కోసం తిరగేసిన బాణాలు వేరుగా ఉంటాయి. నిశానీ మార్చడం అంటే ఇదీ. కాబా బొమ్మ అతికించినవాడికి ఈ బాణం గురించి ఫికర్ ఉందా?

ఇంకో మిసాల్. 2016లో బెర్లిన్‌లో చదువుకుంటున్న పదిహేనేళ్ల సౌదీ అమ్మాయి రయూఫ్ అల్‌హుమైదీ ఫోన్‌లో హిజాబ్ వేసుకున్న అమ్మాయి ఇమోజీ లేదని గమనించింది. ఎవరి ఫైలూ కోయలేదు. యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన రాసి పంపింది. 2017లో ఆ ఇమోజీ వచ్చింది. ఈరోజు రాయదుర్గంలో జీన్స్ కుట్టే చెల్లెలి ఫోన్‌లోనూ అది ఉంది, ఎవరూ దొంగతనంగా పెట్టలేదు. మస్జిద్, కాబా, తస్బీహ్ అంతకుముందే 2015లో వచ్చాయి. హక్ అడిగే పద్ధతి ఇది.

మరి మన ఐకాన్లు ఎట్లా ఉండాలి? మన నేలను అడగండి. 'సేవ్' గుర్తుకు ఇంకా ఫ్లాపీ బొమ్మ వాడుతున్నారు. ఫ్లాపీని చూసిన బిడ్డ కదిరిలో ఒక్కడు దొరుకుతాడా? అక్కడ దాదీమా సందూక్ పెట్టండి. డౌన్‌లోడ్‌కు బావిలోంచి పైకొచ్చే బొక్కెన బొమ్మ వేయండి, నీటి విలువ మనకన్నా ఎవరికి తెలుసు? స్టోరేజీ నిండిందంటే శెనక్కాయల మూట. ఇవి ముసల్మాన్ బిడ్డకూ తెలుసు, పక్కింటి రెడ్డిగారి బిడ్డకూ తెలుసు. గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి దగ్గరికి వచ్చే జనంలో ఎవరు ఏ మజహబో విడదీయలేం. ఆ పద్ధతి మీద మన ఉలమా ఏమంటారో నాకు తెలుసు, ఆ బహస్ ఇక్కడ పెట్టను. నేను చెప్పేది ఒక్కటే: పదిమందీ గుర్తుపట్టే నిశానీయే బతుకుతుంది.

"విండోస్ రాకపోతే నౌకరీ రాదు, ట్యాలీ అందులోనే" అంటారు. నిజమే, ఉంచుకోండి. లైసెన్సు ఉన్నది ఉంచుకోండి. డెస్క్‌టాప్ ఐకాన్లు మార్చడానికి అందులోనే సెట్టింగ్ ఉంది, థీమ్స్‌లో చూడండి. ఫోల్డర్ బొమ్మ మార్చాలంటే దాని ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ ఉంది. ఏ సిస్టమ్ ఫైలూ తెగదు, షోకూ తీరుతుంది. "పైసల్లేవు" అంటారా, లినక్స్‌కు పైసా అక్కర్లేదు. పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, నచ్చితేనే వేసుకోవచ్చు. పైసల్లేక దొంగ డిస్కు అనే బహానా ఇక చెల్లదు.

ఇక మొహల్లా పెద్దలకు, బడి కమిటీల్లో ఉన్న అమ్మీ అబ్బాలకు నా మాట. ఉర్దూ మీడియం బడిలో కంప్యూటర్ ల్యాబుకు వెళ్లండి. మూడు ప్రశ్నలు అడగండి: ఈ మిషన్‌లో వేసింది అసలు డిస్కేనా? ఇందులో ఉర్దూ నస్తాలీఖ్‌లో, తెలుగు తెలుగులో కనిపిస్తాయా? మా బిడ్డ ఇందులో బొమ్మ మార్చుకుంటే ఎవరైనా కాదంటారా? మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబ్ రాకపోయినా కాగితం రాసి హెడ్‌మాస్టర్‌కు ఇవ్వండి, నకలు మీ దగ్గర పెట్టుకోండి. ఉర్దూలోనే రాయండి. రెండో అధికార భాష కదా, తీసుకోరేమో చూద్దాం.