వెదకుపెట్టెకు వెల ఎవరు చెల్లింతురు?

మన తెలుగు సంఘములు పలుచోట్ల వెబ్‌సైట్లు నెలకొల్పుకొన్నవి. వెనుకటి సంచికలలోని వ్యాసములు, పెద్దల జీవిత విశేషములు, వలస వచ్చిన కుటుంబముల చరిత్రలు, నాటక ప్రదర్శనల ఫొటోలు వానిలోనికి ఎక్కుచున్నవి. ఇది శుభము. అయితే పుటలు పెరిగినకొలది కావలసినది దొరకుట కష్టమగుచున్నది. దీనికి విరుగుడుగా ఒక సూచన వినవచ్చుచున్నది. పెద్ద కంపెనీవారి సెర్చ్ బాక్సును, అనగా వెదకుపెట్టెను, ఉచితముగా తెచ్చి మన సైటులో నుంతమట. ఫలితములతోపాటు ప్రకటనలు కనబడునట. రాబడిలో మనకును వాటా వచ్చునట. ఈ బేరము మనకు తగదని మా నిశ్చయము. కారణములు మనవి చేయుదుము.

ముందుగా ఈ పెట్టె పనిచేయు తీరు తెలియవలెను. గూగుల్ కంపెనీ 2006లో ఇట్టి సౌకర్యమును ప్రారంభించినది. నేడు దానిని ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్ అనుచున్నారు. కొన్ని పంక్తుల కోడును మన పుటలో అతికించిన చాలును. పాఠకుడు వ్రాసిన మాట మన సైటును దాటి ఆ కంపెనీ యంత్రములకు పోవును. జవాబు అచ్చటినుండి వచ్చును. ఆ జవాబునకు పైన, అడిగిన మాటకు తగినట్లు ఎన్నుకొన్న ప్రకటనలు నిలుచును.

ఇక రాబడి మాట. ఇట్టి వెదకుపెట్టెల ప్రకటనలపై వచ్చిన సొమ్ములో సైటువారికి నూటికి 51 పాళ్లు ఇచ్చుచున్నామని 2010లో గూగులే వెల్లడించినది. వినుటకు ఇంపుగానే యున్నది. కాని ప్రకటన కనబడినంతమాత్రమున పైసా రాదు. పాఠకుడు దానిని నొక్కవలెను. నొక్కగా నొక్కగా ఖాతాలో నూరు డాలర్లు కూడువరకు సొమ్ము చేతికందదు. పోనీ, సభ్యులమే నొక్కి సంఘమునకు తోడ్పడుదమన్న, అది నిబంధనలకు విరుద్ధము. దీని అర్థమేమి? మన వ్యాసము కొరకు వచ్చినవాడు దానిని విడిచి అంగడిలోనికి పోయిననే మనకు కాసు రాలును. పాఠకుడు దారి తప్పుటయే సంఘమునకు ఆదాయమైనచో, ఆ సంఘము సైటు పెట్టుకొన్న ఉద్దేశమేమి?

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. ఈ సంచికలు వర్తకుల ప్రకటనలతోనే గదా అచ్చగుచున్నవి, కాగితముపై ఒప్పైనది తెరపై తప్పెట్లగునని అడుగవచ్చును. ప్రకటన యన్న మాకు ద్వేషము లేదు. మన బట్టల దుకాణములవారు, వెండి బంగారు వర్తకులు ఆదుకొనకున్న ఎన్నో సంచికలు వెలుగు చూచియుండెడివి కావు. కాని ఆ ప్రకటన ఇచ్చినవారెవరో మన మెరుగుదుము, తగనిదైనచో వలదనగలము, అది తన పుటలో తానుండును. వెదకుపెట్టెలోని ప్రకటన అట్టిది కాదు. అది జవాబు వేషము వేసికొని జవాబుకంటె ముందు నిలుచును. కొన్ని తరగతుల ప్రకటనలను ఆపుకొను వీలున్నను, ఏ ప్రశ్నకు ఏది వచ్చునో ముందుగా చూచి సమ్మతించు అధికారము మనకు లేదు.

ఈ దోషము మేము కల్పించి చెప్పునది కాదు. గూగుల్‌ను స్థాపించిన సెర్గీ బ్రిన్, లారీ పేజ్‌లు 1998లో వెలువరించిన పరిశోధన వ్యాసముననే, ప్రకటనల సొమ్ముతో నడచు వెదకు యంత్రములు ప్రకటనకర్తల వైపు మొగ్గి, వెదకువారి అవసరమునకు దూరమగునని హెచ్చరించిరి. పిమ్మట వారి కంపెనీయే ప్రకటనల రాబడిపై పెరిగినది. కట్టినవారే చూపిన లోపమును మనమేల నెత్తికెత్తుకొనవలెను?

తెలుగునాట నున్నవారికి ఇది చిన్న విషయముగా తోచవచ్చును. వారి పిల్లలకు బడి గలదు, గ్రంథాలయము గలదు, వీథిలో తెలుగు బోర్డు గలదు. బరంపురములోను, షోలాపురములోను, హోసూరులోను, బళ్లారిలోను పెరుగు మన పిల్లలలో పెక్కుమందికి బడిలో దొరకని తెలుగు ఇంటిలోనే దొరకవలెను. అట్టి బాలుడొకడు గిడుగు రామమూర్తి పంతులుగారిని గూర్చి వెదకెననుకొందము. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవర భాషకై శ్రమించి, 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసినపుడు దానిని విడిచి రాజమహేంద్రవరము చేరిన కథ వానికి తెలియవలెను. దానికి ముందు ఏ శిక్షణాలయపు ప్రకటనయో, జాతకముల దుకాణమో ఎదురైనచో, వాడు మరల అడుగునను నమ్మకమేమి? మన చరిత్రను గూర్చి అడుగువారే కొద్దిమంది. ఆ కొద్ది ప్రశ్నలనైన అమ్మకమునకు పెట్టరాదు.

అంతేకాదు, మన కష్టమునకు ఆ పెట్టె పూర్తి మందు కాజాలదు. వెనుకటి సంచికలు పెక్కు ఫొటోలుగానే ఎక్కినవి. అందలి అక్షరములు యంత్రమునకు సరిగా అందుట దుర్లభము. ఒకే ఊరు ఒకచోట పర్లాకిమిడి, మరియొకచోట పర్లాకిమేడి, ఇంకొకచోట పర్లాఖెముండి. విభక్తి చేరగనే మాట రూపు మారును. ఈ చిక్కులు విప్పవలసినది మన భాష నెరిగిన మనుష్యులే.

కావున చేయదగిన పనులు చెప్పుదుము. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లకు వెదకు సౌకర్యము దానిలోనే కలదు. తక్కినవారికి పేజ్‌ఫైండ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు గలవు. వానికి ప్రకటనలతో పనిలేదు. గూగుల్ పెట్టెయే కావలెనన్నను, రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థలు ప్రకటనలను తీసివేయించుకొను అవకాశము ఆ కంపెనీ నిబంధనలలోనే ఉన్నది. దాని కొరకు దరఖాస్తు చేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి సంఘమును వ్యాసములకు, వ్యక్తులకు, ఊళ్లకు అకారాది సూచిక తయారు చేయించవలెను. సెలవులలో నలుగురు యువకులు, తెలుగు బాగుగా చదువగల ఇద్దరు పెద్దలు కూర్చున్న ఈ పని సాగును. ఆ సాకున పిల్లలు తెలుగు చదువుదురు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నేటికిని ప్రకటనలు లేక, విరాళములతోను స్వచ్ఛంద సేవతోను నడచుచున్నది గదా!

సంఘముల కార్యవర్గములకు మా విన్నపము ఇది: ఈ సూచన మీ ముందునకు వచ్చినపుడు రాబడి పట్టికతో సరిపుచ్చుకొనక, మన పిల్లవాని ప్రశ్నకు మొదట జవాబిచ్చు హక్కు ఎవరిదో తేల్చి, పిమ్మట చేయెత్తుడు.