ఈత రానివారూ ఒడ్డు చేరారు



ప్రియ పాఠకులారా, ఈ నెల ఒక ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాను. నాకు నీళ్లంటే భయం. యాభై ఆరేళ్లు వచ్చినా ఆ భయం పోలేదు. చెరువు కట్ట మీద నడవవలసి వస్తే పొలాలవైపే చూస్తూ నడిచేదాన్ని. మా సంఘంలో బాప్తిస్మాలు జరిగే రోజున అందరూ నీళ్ల అంచున నిలబడి పాటలు పాడుతుంటే, నేను నాలుగడుగులు వెనుక ఉండి పాడేదాన్ని.

ఈ భయానికి కారణం ఉంది. నాకు ఏడేళ్లప్పుడు మా పెద్దబాపు కొడుకు, పన్నెండేళ్ల అన్న, ఎండాకాలం సెలవుల్లో వ్యవసాయ బావిలో దూకాడు. రోజూ నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకొని దిగేవాడు. ఆ రోజు కట్టుకోలేదు. సాయంత్రం అతణ్ణి మంచం మీద తెచ్చారు. ఆనాటి నుండి మా అమ్మ నోట ఒకటే మాట: "నీళ్ల దిక్కు పోవద్దు బిడ్డా." నేను పోలేదు. పంతొమ్మిదో ఏట బాప్తిస్మం కొరకు చెరువులో దిగినప్పుడు పాస్టరుగారి చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, నా గోళ్ల గుర్తులు పడ్డాయి. ఆయన చాలాకాలం ఆ సంగతి చెప్పి నవ్వేవారు.

నిరుడు వేసవిలో మా మనవడు చిల్పూర్ వచ్చాడు. ఎనిమిదేళ్లవాడు. చెరువులో థర్మోకోల్ తెప్ప మీద కూర్చొని చేపలకు వల వేసేవారిని చూచాడు. ఇంటికి పరుగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, నాకు ఈత నేర్పిస్తావా?" అన్నాడు. నేను ఆలోచించకుండానే, "నీళ్ల దిక్కు పోవద్దు బిడ్డా" అన్నాను. అది మా అమ్మ మాట, మా అమ్మ గొంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ మాట నన్ను నీళ్లకు దూరంగా ఉంచింది, నిజమే. కాని నీళ్లలో పడితే ఏం చేయాలో అది నాకు నేర్పలేదు. ఇప్పుడు అదే భయాన్ని నా కూతురికి ఇచ్చాను, ఆమె కొడుక్కీ ఇస్తున్నాను. ఆస్తి పంచినట్టు భయాన్ని పంచుతున్నాను.

ఇంకొక సంగతి కూడా ఆలోచించాను. నా చిన్నతనంలో మా జనగామ ప్రాంతపు చెరువులు ఎండాకాలం వచ్చేసరికి చాలామట్టుకు ఎండిపోయేవి. ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీళ్లు మా ప్రాంతపు జలాశయాలకు, చెరువులకు చేరుతున్నాయి. మా మండలంలోనే మల్లన్నగండి జలాశయం ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు. ఇవన్నీ రైతుకు మేలు. దేవునికి స్తోత్రం. అయితే మట్టి తవ్విన చోట లోతైన గుంతలుంటాయి. పైనుండి చూస్తే నీళ్లు ఒక్కతీరుగానే కనబడతాయి. మోకాలి లోతు అనుకొని వేసిన అడుగు తలమునకల లోతులో పడవచ్చు. ఊరిలోకి నీళ్లు వచ్చాయి, నీళ్ల సంగతి తెలిసిన పిల్లలు మాత్రం తక్కువయ్యారు.

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోను చేసి నా బాధ చెప్పుకున్నాను. ఆమె, "అమ్మా, బాబుకు నేర్పించే ముందు నువ్వు దిగు" అన్నది. హుస్సేన్ సాగర్ దగ్గర కొత్తవాళ్లకు కయాక్ నడపడం నేర్పుతారట. ఈత రానివారికి కూడా నేర్పుతారట. ఆదివారం ఆరాధన మానేది లేదని నేను గట్టిగా చెబితే, రెండు శనివారాలకు పేరు రాయించింది.

కయాక్ అంటే ఒకరు కూర్చునే సన్నని పడవ. ఉత్తర ధ్రువం దగ్గరి మంచుదేశపు ప్రజలు చట్రానికి సీలు జంతువు చర్మం కప్పి, వేట కొరకు దీనిని చేసుకొనేవారు. 1936 నుండి ఒలింపిక్స్‌లో దీని పోటీలు జరుగుతున్నాయి. మన పడవ తెడ్డుకు ఒక వైపే రెక్క ఉంటుంది. దీని తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేస్తూ పోవాలి. నేర్చుకొనేవారికి ఇచ్చేవి ప్లాస్టిక్ పడవలు. బోల్తాపడినా ఇవి మునగవు.

మొదటి శనివారం తెల్లవారకముందే ఘనపూర్ స్టేషనులో రైలెక్కాను. చీరతో కుదరదన్నారని చుడీదార్ వేసుకున్నాను. మన సంఘపు స్త్రీలు చూస్తే ఏమంటారోనని దారిపొడవునా సిగ్గుపడ్డాను.

నేర్పే అబ్బాయికి పాతికేళ్లుంటాయి. మొదటి మాటగా, "ఈత రానివాళ్లు చేతులెత్తండి" అన్నాడు. నేనొక్కదాన్నే అనుకొని తలవంచుకొని చెయ్యెత్తాను. తల తిప్పి చూస్తే పదిమందిలో ఆరు చేతులు లేచి ఉన్నాయి. అందరం చదువుకున్నవాళ్లమే. అందరం దాచుకున్నవాళ్లమే.

తరువాత లైఫ్ జాకెట్ తొడిగించాడు. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకొని పైకి గుంజి చూచాడు. జాకెట్ చెవులదాకా లేస్తే వదులుగా ఉన్నట్టు. అలాంటి జాకెట్ నీళ్లలో మనిషిని వదిలి పైకి జారిపోతుంది. "అమ్మా, పడవలో పక్కన పెట్టుకున్న జాకెట్టూ, ఇంట్లో పెట్టివచ్చిన జాకెట్టూ ఒకటే" అన్నాడు. అల్మారాలో ఉండిపోయే మన బైబిళ్లు నాకు గుర్తొచ్చాయి.

ఆ తరువాత అతడు చెప్పిన మాటకు నా కాళ్లు వణికాయి. పడవ నడపడం తరువాతనట. ముందు ఎవరికివారు కావాలని పడవను బోల్తా కొట్టి నీళ్లలో పడాలట. "పడ్డాక ఏం చేయాలో తెలిస్తే పడతామన్న భయం తగ్గుతుందమ్మా. ఒక్కటే గుర్తుంచుకోండి. ఏం జరిగినా పడవను వదలొద్దు. ఒడ్డు దగ్గరే ఉందనిపించినా వదలొద్దు."

ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను. నా వంతు వచ్చింది. నేను చేసిన ప్రార్థన పొడవైనది కాదు. మునిగిపోతూ పేతురు చేసిన ప్రార్థనలాగా మూడే మాటలు. పక్కకు ఒరిగాను. నీళ్లు తలపైకి వచ్చాయి. ముక్కులోకి పోయాయి. ఆ క్షణంలో మా అన్న కనబడ్డాడని చెబితే మీరు నమ్మాలి. కాని మరుక్షణమే, నేను ఏమీ చేయకముందే, జాకెట్ నన్ను పైకి లేపింది. తల బయటికి వచ్చింది, ఊపిరి అందింది. "పడవ, అమ్మా, పడవ!" అని అబ్బాయి కేక వేశాడు. చెయ్యి చాచాను. అది నా పక్కనే తేలుతోంది.

మళ్లీ ఎక్కడం సులువు కాలేదు. పడవకు అడ్డంగా చేతులు వేసి, కాళ్లతో నీళ్లను తన్ని, పొట్టమీద పడుకొని, తిరిగి కూర్చోవాలి. రెండుసార్లు జారిపోయాను. మూడవసారి అవతలివైపు నుండి అబ్బాయి పడవను అదిమి పట్టుకుంటే ఎక్కగలిగాను. ఒడ్డున ఉన్నవారు చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను.

ఆ రాత్రి మా అమ్మాయి ఇంట్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తెరిచాను. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం! పౌలుగారు ఖైదీగా రోమాకు పోతున్న ఓడలో 276 మంది ఉన్నారు. పెనుగాలి లేచింది. ఓడకే గాని ఒక్క ప్రాణానికీ హాని కలుగదని దేవుడు దూత ద్వారా మాట ఇచ్చాడు. అంత స్పష్టమైన వాగ్దానం పొందిన తరువాత కూడా, నావికులు పారిపోవాలని చూచినప్పుడు పౌలుగారు ఏమన్నారు? వీరు ఓడలో ఉండకపోతే మీకు రక్షణ లేదని శతాధిపతిని హెచ్చరించారు (31వ వచనము). దేవుడు మాట ఇచ్చాడు గనుక జాగ్రత్త అక్కరలేదని ఆయన అనలేదు. వాగ్దానం ఉన్నది గనుకనే జాగ్రత్త చెప్పారు.

చివరకు ఓడ బద్దలైంది. 43, 44 వచనాలు చూడండి. ఈత వచ్చినవారు ముందుగా దూకి ఒడ్డుకు పోవాలని శతాధిపతి ఆజ్ఞ ఇచ్చాడు. మరి ఈత రానివారు? పలకల మీద, ఓడ చెక్కల మీద వచ్చారు. అందరూ ఒడ్డు చేరారు. ఇన్నేళ్లూ ఆ చెక్కల సంగతి నేను గమనించనేలేదు. దేవుడు వారిని గాలిలో ఎత్తి తీసుకుపోలేదు. వారి చేతికి అందేంత దూరంలో ఒక చెక్కను ఉంచాడు. పట్టుకోవడం వారి వంతు. చెక్క పట్టుకున్నవారికి విశ్వాసం తక్కువని అక్కడ రాయలేదు.

మనలో కొందరు భయపడేవారిని అల్పవిశ్వాసులంటారు. మరికొందరు, ప్రార్థన చేసుకున్నాం గదా, ఏమీ కాదని పిల్లలను లోతుకు పంపుతారు. ఈ రెండూ సరికాదు. పేతురు జాలరి. సముద్రంలో దూకి ప్రభువు దగ్గరకు వెళ్లిన మనిషి (యోహాను 21:7). అంతటివాడు కూడా గాలిని చూచి భయపడ్డాడు. ప్రభువు ముందు చెయ్యి చాపి పట్టుకున్నాడు, మందలింపు తరువాత (మత్తయి 14:31). మన ఇండ్లలో మాత్రం మందలింపు ముందుంటుంది, చెయ్యి చాపడం మరిచిపోతాము.

రెండవ శనివారం పడవ నడిపాను. తెడ్డును గొడ్డలిలా బిగించి పట్టుకున్నందుకు అరగంటలో చేతులు తిమ్మిరెక్కాయి. వేళ్లు వదులుగా పెట్టి, వీపు నిటారుగా ఉంచి, దగ్గరి అలను కాక దూరపు గురుతును చూడమన్నారు. అలా చేస్తే పడవ తిన్నగా పోయింది. నీటిలో తేలే గురుతు దాకా వెళ్లి, తిరిగి వచ్చాను. ఈత నాకు ఇంకా రాదు. భయం కూడా పూర్తిగా పోలేదు. కాని ఇప్పుడు భయపడుతూనే ఏం చేయాలో తెలుసు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో లోకమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఆ సంవత్సరమే ఐక్యరాజ్య సమితి జూలై 25ను ఈ మరణాల నివారణ దినముగా ప్రకటించింది. మన కుటుంబాలు, సంఘాలు చేయగలిగినవి కొన్ని చెబుతాను.

1. మగపిల్లలతో పాటు ఆడపిల్లలకు కూడా ఈత నేర్పించండి. బాగా ఈత తెలిసిన పెద్దవారు పక్కన ఉండాలి. పిల్లల ఒంటిపై బెండు గాని, జాకెట్ గాని ఉండాలి. వేసవి బైబిలు పాఠశాలలో ఒక పూట నీటి జాగ్రత్తలకు కేటాయించండి.

2. గోడలేని బావికి కంచె వేయండి. బాప్తిస్మాలకు చెరువుకు వెళ్లేముందు, లోతు తెలిసినవారు దిగి చూచి, హద్దుకు కర్రలు పాతాలి.

3. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకవద్దు. కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. మునిగేవారు అందినవారిని అదిమి పట్టుకుంటారు. కేకలు వేసి మనుషులను పిలవండి. తాడు, చీర, వెదురు గడ అందించండి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకు తాడు కట్టి విసరండి.

4. బయటికి తీసినవారిని తలకిందులుగా తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. 108కి ఫోను చేయించండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే మొదట నోటి ద్వారా ఊపిరి అందించి, తరువాత రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, మరల 2 సార్లు ఊపిరి ఇవ్వాలి. సహాయం వచ్చేదాకా ఆపకూడదు. దీనిని తెలిసిన నర్సమ్మ దగ్గర చేసి చూచి నేర్చుకోండి.

చివరగా ఒక మాట. తిరిగి వచ్చేటప్పుడు మనవడి కొలతకు ఒక లైఫ్ జాకెట్ కొన్నాను. దసరా సెలవులకు వాడు వచ్చాడు. ఊళ్లో చేపలు పట్టే ఒక పెద్దాయన వాడికి ఈత నేర్పడానికి ఒప్పుకున్నాడు. బయలుదేరబోతుంటే మా అమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. వద్దంటుందని అనుకున్నాను. ఆమె జాకెట్‌ను చేతిలోకి తీసుకొని, పట్టీలను ఒక్కొక్కటిగా తడిమి చూచింది. చాలాసేపటికి, "ఆ పోరనికి గూడ గిట్లాంటిది ఉండి ఉంటే…" అన్నది. తరువాత తానే మనవరాలి కొడుకును దగ్గరికి పిలిచి, జాకెట్ తొడిగి, పట్టీ బిగించింది.

ఆ రోజు నేనూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూచాను.

మీ ఇంట్లో పిల్లలకు మీరు ఏ భయాన్ని పంచుతున్నారు? దానితో పాటు పట్టుకోవడానికి ఒక చెక్కను కూడా ఇస్తున్నారా? ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి.

ప్రార్థన: ప్రభువా, మా పిల్లలను నీళ్లలోను, నేలమీదను కాపాడుము. మా భయమును నీకు చెప్పుకొనుటకు, నీవు దగ్గర ఉంచిన సహాయమును పట్టుకొనుటకు మాకు బుద్ధి దయచేయుము. ఆమేన్.