ఇంగ్లీషు టీచరుగారి నోటుపుస్తకాల కట్ట

దసరా సెలవులు అయిపోయాయంటే బడుల్లో ఇంగ్లీషు టీచర్లకి ఊపిరి సలపదు. సమ్మెటివ్ పరీక్షలు, పేపర్లు దిద్దడం, పదో తరగతికి స్పెషల్ క్లాసులు, మధ్యలో వార్షికోత్సవం నాటకం!

లెక్క మీరే చూడండి. సెక్షనుకి 40 మంది చొప్పున 3 సెక్షన్లు. ఒక్కో వ్యాసానికి 5 నిమిషాలనుకున్నా 10 గంటలు. అది బడిలో తెమిలే పనా? కుక్కరు మూడు విజిల్స్ వేసేలోపు మూడు పుస్తకాలు దిద్దితే అదే గొప్ప.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. అప్పట్నుంచి తల్లులు అడిగే మాట ఒకటే: "మాకు ఇంగ్లీషు రాదు టీచరమ్మా, పిల్లాడికేం చెప్పగలం?"

ఎందుకు చెప్పలేరమ్మా! ఆ మార్పుతోపాటే రెండు భాషల పుస్తకాలూ వచ్చాయి. సైన్సు పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మీరు కూర తరుగుతూ ఆ తెలుగు పేజీ పైకి చదివించండి. "ఏం అర్థమైందిరా?" అని అడగండి. సంగతి తలకెక్కితే ఇంగ్లీషులో రాయడానికి దారి దొరుకుతుంది. ఎక్కనివాడు గైడు బట్టీ పడతాడు, ప్రశ్న కాస్త మారిస్తే పెన్ను కింద పెట్టేస్తాడు.

ఇంకొక్క మాట. ఎర్ర సిరా చూసి పిల్లల్ని కోప్పడకండి. తప్పు రాశాడంటే సొంతంగా ప్రయత్నించాడన్నమాట. మేం దిద్దిన వాక్యాల్లో ఒక్కటి మళ్లీ రాయించండి చాలు.

రోజూ పది నిమిషాలు మీరిలా కూర్చుంటే, మా కట్ట బరువు సగం తగ్గినట్టే!