ఆరు బస్తాల సోనామసూరి

2023 జూలై 20, గురువారం. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. మర్నాటి సాయంత్రానికి మిస్సిసాగాలో మన కిరాణా షాపు ముందు కారు ఆపే చోటు లేదు. అమెరికాలో జనం బియ్యం బస్తాల కోసం ఎగబడుతున్న వీడియోలు నా ఫోన్‌లోకి నాలుగు గ్రూపుల నుంచి వచ్చాయి.

నేనూ వెళ్లాను. లాగ్ చూడకుండా తప్పెక్కడుందో తేల్చేయొద్దని ఆఫీసులో జూనియర్లకు రోజూ చెప్పేవాణ్ణి, ఆ ఉత్తర్వు ఒక్క పేరా కూడా చదవకుండా ఆరు బస్తాలు డిక్కీలో వేసుకొచ్చాను. ఒక్కోదానికి మామూలు ధరకు దాదాపు రెట్టింపు. మా ముగ్గురికీ బస్తా రెండు నెలలు వస్తుంది!

రాత్రి తీరిగ్గా చదివాను. బాస్మతికి నిషేధం లేదు. ఉప్పుడు బియ్యానికీ లేదు. అప్పటికే ఓడలోకి ఎక్కుతున్న సరుకుకు మినహాయింపు ఉంది. మన మిల్లు నుంచి టొరంటో గోదాముకు బియ్యం రావడానికి వారాలు పడుతుంది. అంటే నేను రెట్టింపు పెట్టి కొన్న బస్తా ఎప్పుడో పాత ధరకే సముద్రం దాటి వచ్చింది.

అలాగని నిషేధం ఉత్తుత్తిది కాదు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు నలభై శాతం భారత్‌దే. ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ బియ్యం ధరల సూచీ పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరింది. తర్వాతి సరుకు ఖరీదవుతుందని షాపువాళ్లు అనుకోవడంలోనూ తప్పులేదు. కానీ నెలల మీద మెల్లగా రావాల్సిన పెరుగుదలను ఒక్క రాత్రిలో రప్పించింది మన క్యూలే. ఆ క్యూలే మళ్లీ వార్త అయ్యాయి. ఆదివారం తెనాలి నుంచి అమ్మ ఫోన్: "అక్కడ బియ్యం దొరకట్లేదంట గదరా, టీవీలో చూపిస్తన్నారు. ఏం తింటున్నారు?" ఏడాదిలో దేశంలో బియ్యం ధర 11.5 శాతం పెరిగిందనే కదా ప్రభుత్వం ఎగుమతులు ఆపింది. ఆ ధర పెట్టి కొంటున్న అమ్మ, నా గురించి దిగులు పడుతోంది.

అదే రోజు మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే విద్యార్థి పైకొచ్చాడు. వారమంతా కాలేజీ, పార్ట్‌టైమ్ పని. ఖాళీ దొరికి షాపుకెళితే అరలో ఒక్క బస్తా లేదు. "అంకుల్, బియ్యం ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు. గరాజులోంచి ఒకటి తెచ్చిచ్చాను. ఎంతిమ్మంటారన్నాడు. నేను పెట్టిన ధర చెప్పడానికి నోరు రాలేదు.

ఇలాంటి వార్త మళ్లీ వస్తుంది. అది పప్పు కావచ్చు, నూనె కావచ్చు. ఇంటికి ఒక బస్తా అని షాపులు మొదటి రోజే బోర్డు పెట్టాలి. పండక్కి వేలమందికి నిమిషాల్లో కబురు పంపే మన సంఘాలు, ఏ రకానికి నిషేధం ఉందో, దేనికి లేదో నాలుగు వాక్యాలు పంపలేవా?

నిషేధం 2024 సెప్టెంబరు 28న ఎత్తేశారు. అంతకు నాలుగు నెలల ముందే నా చివరి బస్తా విప్పాను. పురుగు పట్టింది. డెక్ మీద ఆరబోస్తే ఉడతలు తిన్నంత తిన్నాయి.