ఓడలో ఎంగిలి కంచం ఎవరు తీస్తారు?

పోయిన నెల మా డిగ్రీ మూడో సంవత్సరం కుర్రాడొకడు క్లాసయ్యాక ఆగి ఫోన్ చూపించాడు. నదుల మీద తిరిగే ఒక చిన్న క్రూజ్ ఓడలో స్టీవార్డ్ ఉద్యోగం. ప్రకటనలో తెల్లటి టేబుల్ క్లాత్, పువ్వులా మడిచిన నాప్‌కిన్, అద్దాల వెనకాల నది. "జీతం కాక టిప్స్ కూడా ఉంటాయంట మేడమ్. అమ్మ మాత్రం వద్దంటోంది." ఎందుకని అడిగితే కాసేపు నేల చూపులు చూశాడు. "డిగ్రీ చదివి ఎంగిలి కంచాలు తీస్తావా అంటోంది."

వాళ్లమ్మ కల్యాణ మండపంలో ఆకులెత్తే పని చేస్తుంది. ఆమె ఊరికే అనే మాట కాదది.

అప్పట్నుంచి ఈ చిన్న ఓడల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. వేలమందిని ఎక్కించుకునే పెద్ద ఓడల్లో పది రకాల హోటళ్లుంటాయి, ఎవరెవరో తెలియదు. చిన్న ఓడ వ్యాపారం వేరు. ఒకటే భోజనాల గది, పట్టుమని నలభై మంది ప్రయాణికులు ఉండరు. అందుకే అక్కడ అమ్మేది ముఖ్యంగా సేవ. రెండో రోజుకల్లా మీ పేరు, మీ టీలో చక్కెర ఎంత, మీకు ఏ కుర్చీ ఇష్టం అన్నీ వాళ్లకి తెలిసిపోతాయని చెప్పుకుంటారు. మీకు వాళ్ల పేరు తెలియాల్సిన పనిలేదు. చొక్కా మీద రాసుంటుంది, చదివితే చదువుతారు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ గంగా విలాస్. 2023 జనవరి 13న ప్రధానమంత్రి వారణాసిలో దానికి ఆన్‌లైన్‌లో జెండా ఊపారు. 51 రోజులు, దాదాపు 3,200 కిలోమీటర్లు, 27 నదులు, మధ్యలో బంగ్లాదేశ్, చివరికి అస్సాంలోని డిబ్రూగఢ్. 18 సూట్లు, 36 మంది ప్రయాణికులు, సిబ్బంది కూడా దాదాపు అంతమందే. మొదటి ప్రయాణంలో వెళ్లింది 32 మంది స్విట్జర్లాండ్ యాత్రికులు. ఆ ఓడ నడిపే సంస్థ అధిపతి అప్పుడు విలేకరులకు చెప్పిన మాట ఏంటంటే, ఓడలో మాంసం ఉండదు, మందు ఉండదు, భారతీయ శాకాహారమే ఉంటుందని.

మాంసం లేకపోవడం మీద నాకు పేచీ లేదు. ఎవరి వంటిల్లు వాళ్లిష్టం. నా పేచీ ఆ 'భారతీయ' అన్న మాట మీద. ఈ దేశంలో ఎక్కువమంది చేపో మాంసమో గుడ్డో తినేవాళ్లేనని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. పైగా ఆ ఓడ వెళ్లే దారి చూడండి. బీహార్, బెంగాల్, బంగ్లాదేశ్, అస్సాం. చేప లేకుండా ముద్ద దిగని నేల అది.

ఆ దారిలోనే సుల్తాన్‌గంజ్, కహల్‌గావ్ వస్తాయి. అక్కడ గంగలో చేప పట్టాలంటే జమీందార్లకు పన్ను కట్టాలి. నేల మీద జమీందారీ పోయి మూడు దశాబ్దాలైనా నీళ్ల మీద మాత్రం పోలేదు. సుల్తాన్‌గంజ్ నుంచి పీర్‌పైంతీ దాకా 80 కిలోమీటర్ల నది కొందరి ఆస్తి. 1982లో కహల్‌గావ్ జాలర్లు లేచి గంగా ముక్తి ఆందోళన మొదలుపెట్టారు. మల్లాహ్‌లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు పడవల మీద ఊరేగారు. దాదాపు పదేళ్లు కొట్లాడితే 1990ల మొదట్లో ఆ పన్ను పోయింది. మహద్ చెరువు గురించి మనం ప్రతి మార్చిలో పోస్టులు పెడతాం, పెట్టాలి కూడా. కహల్‌గావ్ గురించి నా క్లాసులో ఒక్కరికీ తెలియదు. నాకూ పీహెచ్‌డీ అయ్యేదాకా తెలియదు.

ఇంకో తమాషా. ఆ ఒడ్డునే విక్రమశిల బౌద్ధ విహారం శిథిలాలున్నాయి. అవి ఓడ యాత్రికులకు చూపించే చోటే. బౌద్ధంలో 84 మంది సిద్ధుల వరసలో మొదట చెప్పే పేరు లూయిపా. గంగ ఒడ్డున జాలర్లు పారేసిన చేప పేగులు తింటూ పన్నెండేళ్లు సాధన చేశాడని ఆయన కథ. రాజు కొడుకుగా పుట్టినవాడి మనసులో మిగిలిన ఎచ్చుతగ్గుల అసహ్యం పోవడానికే అలా తిన్నాడంటారు. ఆయన సాధన చేసిన నది మీద చేప వాసన లేని ఓడ!

దూరం ఎందుకు, మన పాపికొండలు చూడండి. కొన్నేళ్ల కిందట పిల్లల్ని తీసుకెళ్లాను. బోటు మీద పులిహోర, సాంబారు, పెరుగన్నం. బాగానే ఉంది. పేరంటాలపల్లి దగ్గర దిగితే ఒడ్డున కొండరెడ్డి ఆడవాళ్లు బొంగులో చికెన్ కాల్చి అమ్ముతున్నారు. మా వాడొకడు ఆకులో కట్టించుకుని బోటెక్కబోతే, "అది పైకి తేకు, కిందే తినేసి రా" అన్నారు బోటువాళ్లు. వాడు ఎండలో నిలబడి గబగబా నోట్లో కుక్కుకున్నాడు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, గొడవ జరగలేదు. ఆ బొంగు ఫొటోలు మాత్రం అందరం తీసుకున్నాం. టూరిజం పోస్టర్ మీదికి వాళ్ల వంట పనికొస్తుంది, బోటు మీదికి రాదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ రోజు జరిగిన కొట్లాట చూసినవాళ్లకి ఈ "కిందే తినేసి రా" చిన్నగా అనిపిస్తుంది. నాకు అనిపించలేదు.

ఇప్పుడు సేవ సంగతి. తెలుగువాడు గంగ మీద పడవ ప్రయాణం చేసి రాసిన పుస్తకం అనగానే మా సబ్జెక్టులో గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. వెంట దాదాపు వందమంది పరివారం, పల్లకీ మోసే బోయీలు. గొప్ప పుస్తకం, అందులో సందేహం లేదు. కానీ నేను చదివిన పదేళ్లలో, చెబుతున్న ఆరేళ్లలో పరీక్షలో వచ్చే ప్రశ్నలు వీరాస్వామయ్య శైలి, లోకజ్ఞానం, భాష. పదిహేను నెలలు ఆ పల్లకీ మోసిన భుజాల గురించి రెండు మార్కుల ప్రశ్న కూడా రాలేదు. పోయినేడు నేనే ఇచ్చాను. ఛాయిస్‌లో అందరూ వదిలేశారు.

అమెరికాలో పుల్‌మన్ అని రైలు పెట్టెల కంపెనీ ఉండేది. బానిసత్వం రద్దయ్యాక, బానిసలుగా బతికిన నల్లజాతి మగవాళ్లనే ఏరి మరీ రాత్రి రైళ్లలో సేవకి పెట్టుకుంది. పడకలు వేయడం, బూట్లు తుడవడం. జీతం తక్కువ, బతుకంతా టిప్పుల మీదే. ప్రయాణికులు అందర్నీ 'జార్జ్' అని పిలిచేవాళ్లు. కంపెనీ యజమాని పేరు జార్జ్ పుల్‌మన్ కాబట్టి. బానిసని దొర పేరుతో పిలిచిన అలవాటే అది. వాళ్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకున్నారు. పన్నెండేళ్ల తర్వాత, 1937లో, కంపెనీ దిగొచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకు 400 గంటల పని 240కి తగ్గింది. ఆ సేవ చేసినవాళ్ల పిల్లలే తర్వాత లాయర్లు, టీచర్లు, ఉద్యమకారులయ్యారు. నేను ఆ కుర్రాడిని వద్దనకపోవడానికి కారణం ఈ కథే. వడ్డించడంలో అవమానం లేదు. మా నాన్నకి చివరి రోజుల్లో నేను తినిపించాను, ఆ చేతులు నాకేం చిన్నబోలేదు. ఒకే కులం వాళ్లు తరతరాలుగా ఎత్తుతూ, ఒకే కులం వాళ్లు తరతరాలుగా తిని లేచిపోతుంటే, అప్పుడది పని కాదు.

చట్టం సంగతి కూడా చూశాను. ఓడల్లో పనిచేసేవాళ్ల కోసం 2006లో అంతర్జాతీయంగా సముద్ర కార్మిక ఒప్పందం వచ్చింది, మన దేశం 2015లో ఒప్పుకుంది. 24 గంటల్లో 14 గంటలు, వారంలో 72 గంటలు దాటి పని చేయించకూడదు, లేదంటే కనీస విశ్రాంతి గంటలు లెక్కకట్టి ఇవ్వాలి. ఓడలో వడ్డించేవాడు కూడా అందులో నావికుడే. కానీ కేవలం లోతట్టు నీళ్లలో, అంటే నదుల్లో తిరిగే ఓడలు ఆ ఒప్పందం కిందికి రావు. మన 2021 నాటి లోతట్టు నౌకల చట్టం చూస్తే ఎక్కువగా రిజిస్ట్రేషన్, భద్రత, ఓడ నడిపేవాళ్ల అర్హతల గొడవే. టీలో చక్కెర ఎంతో గుర్తుపెట్టుకునేవాడు రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటాడన్నది వేరే చట్టాల్లో వెతుక్కోవాలి.

వాళ్లమ్మకి ఫోన్ చేశాను. "ఆడికి మీరే చెప్పండి మేడం గారూ. నేనెత్తిన ఆకులు చాలవా?" అంది. నా దగ్గర చదివిన జవాబులన్నీ ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి, "వాడు అడగాల్సినవి అడిగి వెళ్తాడమ్మా" అన్నాను. ఆమె ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.

కుర్రాడికి కాగితం మీద రాసిచ్చాను. రోజుకి ఎన్ని గంటలు, వారాంతపు సెలవుందా, టిప్స్ ఎవరి చేతిలో పడతాయి, ఎలా పంచుతారు, సిబ్బంది పడుకునేది ఎక్కడ, తినేది ఏంటి, జ్వరమొస్తే ఎవరు చూస్తారు. పోయిన శనివారం ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. గంటల సంగతి అడిగితే "సీజన్‌ని బట్టి" అన్నారట. టిప్స్ సంగతి అడిగితే నవ్వారట. అప్లికేషన్‌లో పేరు, చదువు, ఎత్తు తర్వాత ఒక గడి ఉందట, ఆహారపు అలవాటు ఏంటని. పక్కన కూర్చున్న కుర్రాడు శాకాహారి అని రాయడం చూశాడట.

"నేను మాంసాహారి అనే రాశాను మేడమ్. ఫోన్ చేస్తామన్నారు."

ఇవాళ్టికి తొమ్మిదో రోజు.