మస్టరులో పేరు

ఎర్రనేల - హగరి

"ఈ పొద్దు పోకపోతే మస్టరు పడదు గదా నాయనా!"

ఈ మాట అన్నది డెబ్బై దాటిన ఒక అవ్వ. 2024 మే 13, సోమవారం, పోలింగ్ రోజు. పొద్దున ఏడు కూడా కాలేదు. కుందుర్పి మండలంలో ఒక పల్లె బడి ముందర, వేపచెట్టు కింద, వరసలో అందరికన్నా ముందు కూర్చోనుంది. ఒళ్లో వక్కాకు తిత్తి. బడి గేటు కూడా తీయకముందే ఎందుకొచ్చినావవ్వా అని అడిగితే ఆమె చెప్పిన జవాబు అది.

మస్టరంటే కరువుపని మస్టరు. ఉపాధి హామీ పథకానికి సర్కారు పెట్టిన పేరు మా పల్లెల్లో ఎవరి నోటా రాదు, కరువుపని అనే అంటారు. ఆ పథకం దేశంలో మొదలైంది కూడా మా అనంతపురంలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. ఆనాటి నుంచి పల్లె జనానికి ప్రభుత్వమంటే ముందు గుర్తొచ్చేది మస్టరే. పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఓటు కూడా అంతేనని అవ్వ లెక్క. పోకపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే పింఛను పోతుంది, బియ్యం పోతాయి.

నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి కదా, సరిదిద్దబోయాను. ఓటుకూ పింఛనుకూ సంబంధం లేదవ్వా, ఒకసారి వేయకపోతే పేరు తీసెయ్యరు అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"నీకెవురు జెప్పినారప్పా?"

రూలు ప్రకారం నా మాటే రైటు. ఓటు వేయలేదన్న కారణంతో జాబితా నుంచి పేరు తొలగించే నిబంధన ఏ చట్టంలోనూ లేదు. కానీ బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటికొచ్చినప్పుడు తలుపుకు తాళముంటే? ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా తాళమే ఉంటే? అదే నియోజకవర్గం ఓటరెవరైనా ఫారం 7 నింపి 'వీళ్లు ఊళ్లో లేరు' అని రాసివ్వొచ్చు. నోటీసు ఇవ్వకుండా తీయకూడదు, నిజమే. ఆ నోటీసు అంటించేది కూడా తాళమేసిన తలుపుకే. పక్క నియోజకవర్గం ఉరవకొండలో ఓట్ల తొలగింపు వ్యవహారం ఎన్నికల సంఘం దాకా పోయి, 2023లో జిల్లా పరిషత్ సీఈవో సస్పెండయ్యారు. అవ్వకు ఈ సంగతులు తెలిసి ఉండకపోవచ్చు. భయం మాత్రం ఉత్త భయం కాదు.

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మన పత్రికల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది: ఓటు వేయనివాళ్లు బాధ్యత లేనివాళ్లు అని. సినిమా నటులు సిరా వేలు చూపించి బుద్ధులు చెబుతారు. ఆ బుద్ధులు జూబ్లీహిల్స్‌కు సరిపోతాయేమో. అనంతపురంలో ఓటు వేయని మనిషిని వెతుక్కుంటూ పోతే ఆ మనిషి దొరికేది సోఫాలో కాదు, సెంట్రింగ్ కొయ్యల మధ్య.

ఎన్నికల తేదీలు చూడండి. 2004, 2009, 2014, 2019, 2024. ఐదుకు ఐదూ ఏప్రిల్, మే నెలల్లోనే. పోయిన రెండూ 2019 ఏప్రిల్ 11, 2024 మే 13. మా పల్లెల క్యాలెండరు పక్కన పెట్టి చూస్తే ఇంతకంటే చెడ్డ కాలం ఇంకొకటి లేదు. చెనక్కాయలు పీకి, కట్టె కుప్పేసి, అప్పులోడికి ఇవ్వాల్సింది ఇచ్చేసి కార్తీకం దాటగానే బెంగళూరు బస్సెక్కేస్తారు. కదిరి దిక్కు నుంచి కేరళకు పోయేవాళ్లూ ఉన్నారు. మధ్యలో ఉగాదికి వచ్చి రెండు రోజులుండి పోతారు. మళ్లీ విత్తనం వేయడానికి వానలొస్తేనే రావడం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడే చోట మే నెలలో ఇంటి దగ్గర ఉండి చేసేదేముంది? సరిగ్గా ఊరు ఖాళీ అయినప్పుడే ఊరిని ఓటు అడుగుతాం.

అయినా 2024లో రాష్ట్రంలో 81.86 శాతం పోలింగ్ జరిగింది. అదే ఎన్నికల్లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం, బెంగళూరు దక్షిణంలో 53. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి మన చైతన్యాన్ని మనమే మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నాను. కానీ ముందు రోజు రాత్రి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర గంటసేపు నిలబడి ఉంటే ఆ చైతన్యం ఎట్లా వస్తుందో కంటికే తెలిసేది. బస్సు వెనక బస్సు, వాటి మధ్య టెంపోలు, టాపు మీద గూడా జనం. చంకలో పిల్లలు, సీటు కింద సిమెంటు సంచుల్లో బట్టలు. ఒక బస్సు ఆగితే దిగిన పిల్లోణ్ణి అడిగాను, చార్జీ ఎంతప్పా అని. నవ్వినాడు. "మాకేం చార్జీ సార్? వాళ్లే పెట్టినారు బస్సు. పోయేటప్పుడు గూడా వాళ్లే దింపుతారంట."

వాళ్లంటే ఎవరో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈసారి ఒక పార్టీ అయితే మరోసారి ఇంకొకటి. ఓటరును ఉచితంగా బండెక్కించి తీసుకుపోవడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం అవినీతి చర్య. చట్టం అట్లా అంటుంది, బాగానే ఉంది. అయితే యలహంకలో ఇటుకలు మోసేవాడు కుందుర్పిలో ఓటు వేయాలంటే ఇంకో దారి ఏమి చూపించింది? కూలి రెండు రోజులు పోతుంది, రానూపోనూ ఇంటిల్లిపాదికీ చార్జీలు. అంత ఖర్చు పెట్టుకుని వచ్చేవాణ్ణి నేనైతే పూజిస్తాను. రాలేనివాణ్ణి మాత్రం తిట్టలేను.

సెలవు హక్కుంది కదా అంటారు. ఉంది. అదే చట్టంలో 135బి. పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి, రోజుకూలీకైనా ఆ రోజు కూలి కట్టివ్వాలి. ఇవ్వకపోతే యజమానికి జరిమానా ఐదు వందల రూపాయల దాకా. బెంగళూరులో గోడ కట్టే మేస్త్రీ ఒక రోజు కూలి అంతకంటే ఎక్కువే. పైగా కర్ణాటకలో ఆ ప్రాంతానికి పోలింగ్ ఏప్రిల్ 26నే అయిపోయింది. మే 13 అక్కడ మామూలు సోమవారం. సెక్షను చూపించి సెలవడిగే తాపీవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇక బస్సు సంగతే ఇంకొంచెం చెప్పాలి, నాకు అసలు గుచ్చుకునేది అదే కాబట్టి. బస్సు అందరికీ రాదు. ఏ వీధికి ఎన్ని సీట్లు అనే లెక్క ముందే ఉంటుంది. మనోడు అనుకున్నవాడి నంబరుకు ఫోన్ వస్తుంది. అవతలోడు అనుకున్నవాడికి అవతలివాళ్లు చేస్తారు. ఎటూ కానివాడికి, ఎవరి మనిషో తేలనివాడికి ఫోన్ రాదు. అంటే ఇద్దరి మాటా విని, ఆలోచించి, చివరి రోజు తేల్చుకునే ఓటరున్నాడే, పౌరశాస్త్రం పుస్తకంలో మంచి పౌరుడని చెప్పేది ఎవరినో ఆ మనిషి, అతనే బెంగళూరులో మిగిలిపోతాడు.

అట్లా మిగిలిపోయినవాళ్ల విలువ ఎంతో మడకశిరలో చూశాం. మూడు దిక్కులా కర్ణాటకే ఉన్న నియోజకవర్గం. రొళ్ల, అగళి, అమరాపురం పల్లెల్లో ఇంట్లో కన్నడం, ఆఫీసులో తెలుగు. 2024లో అక్కడ గెలుపు ఓటములకు తేడా 351 ఓట్లు. లెక్కేసుకుంటే ఆరేడు బస్సుల జనం. తిప్పికొడితే ఒక అపార్ట్‌మెంటు కట్టే చోట రేకుల షెడ్లలో పడుకునే మనుషులు. వాళ్లెటు వేసి ఉండేవాళ్లో నాకు తెలియదు. తెలియకపోవడంలోనే ఉంది విషయం.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20వ సెక్షనుది ఒక తమాషా. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాడని ఒక చోట అంటుంది. కొన్నాళ్లు ఊరు విడిచిపోయినంత మాత్రాన నివాసి కాకుండా పోడని ఇంకో చోట అంటుంది. ఈ రెండో మాట మా జిల్లా కోసమే రాశారా అనిపిస్తుంది. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో మాత్రం రాయలేదు. ఏడాదిలో ఎనిమిది నెలలు రేకుల షెడ్డులో ఉండేవాడు ఏ ఊరివాడు? బెంగళూరులో ఓటు రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. కట్టడం పూర్తికాగానే షెడ్డు పీకేస్తారు, ఇంకో చోట వేస్తారు. ఏ చిరునామా రాయిస్తాడు? రాయించుకున్నా, సొంతూరి ఓటు వదులుకోవడమంటే ఊళ్లో మనిషిగా పేరు కొట్టేయించుకోవడమే. సర్పంచి ఎన్నికల్లో లేనివాడు చావుకూ పెళ్లికీ కూడా లేనివాడే అవుతాడని భయం. బిహార్‌లో 2025 ఆగస్టు 1న విడుదలైన ముసాయిదా ఓటర్ల జాబితాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. అందులో దాదాపు 36 లక్షలు ఊరు విడిచిపోయారనో, ఆచూకీ దొరకలేదనో తీసినవి. అవ్వకు ఇది చదివి వినిపించి ఉంటే నన్ను ఇంకా జాలిగా చూసేది.

ఎక్కడున్నవాళ్లు అక్కడే ఓటేసే మిషను ఒకటి తయారైందని 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ప్రకటించింది. ఒకే మిషనులో 72 నియోజకవర్గాల ఓట్లు వేయొచ్చన్నారు. 2023 జనవరిలో పార్టీలను పిలిచారు. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు, ఆ ముచ్చట అంతటితో సరి. వాళ్ల అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. బెంగళూరు బూతులో కళ్యాణదుర్గం అభ్యర్థికి ఏజెంటు ఎవరు కూర్చుంటారు? అయినా నా అనుమానం నాది. బస్సు తమ చేతిలో ఉన్నంతకాలం మిషను గురించి ఎవరికీ పెద్ద తొందర ఉండదు. ఆస్ట్రేలియాలో ఓటు వేయకపోతే జరిమానా వేస్తారని మనవాళ్లు మహా ఇష్టంగా చెబుతారు. ఆ దేశంలో శనివారం పూట పోలింగ్ పెట్టి, సొంత నియోజకవర్గం దాటిపోయినవాడికి కూడా ఉన్నచోటే ఓటేసే వీలు ఇస్తారన్నది చెప్పరు.

కావాలని ఓటు వేయనివాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. నోటాకు ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక రద్దవుతుందని నమ్మి, కాదని తెలిశాక మానేసినవాణ్ణి ఒకణ్ణి ఎరుగుదును. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఆ మీట నీ అసమ్మతిని లెక్కపెడుతుంది, ఫలితాన్ని మాత్రం కదపదు. వీవీప్యాట్ చీటీ పార్టీవాళ్లకు పోతుందని నమ్మేవాళ్లు ఊరికి పదిమంది. ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుందని చెబితే 'ఆ పెట్టె ఎవురిది మల్ల?' అంటారు. ఫ్యాక్షన్ రోజుల్లో బూతుకు పోయేసరికి తన ఓటు ఎవరో వేసేసి ఉంటే తిరిగొచ్చినవాళ్లున్నారు. అట్లాంటప్పుడు టెండరు ఓటు అడిగే హక్కుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా అడిగే ధైర్యం ఆనాడు ఎవరికుంది? అందరూ దొంగలే అని ఇంట్లో కూర్చునే రిటైర్డు ఉద్యోగుల గురించి రాయను. వాళ్లు నా పాఠకులు.

మా ఓటుతో ఏమీ మారదు అనే మాటకు ఉరవకొండ కంటే గట్టి రుజువు లేదు. 1999 నుంచి 2019 దాకా వరసగా ఐదు ఎన్నికల్లో అక్కడ గెలిచిన పార్టీ రాష్ట్రంలో ఓడింది. అదొక సెంటిమెంటైపోయి 2024లో గానీ తెగలేదు. ఇరవై ఐదేళ్లు ప్రతిపక్ష ఎమ్మెల్యేను మాత్రమే చూసిన ఆ జనం ఓటు మానుకోలేదు.

ఇదే గడ్డ మీద, ఓటు దారి వద్దని తెలిసి తెలిసి వదిలేసిన మనిషి తరిమెల నాగిరెడ్డి. 1952లో సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించి శాసనసభకు పోయాడు. తర్వాత పార్లమెంటుకూ పోయాడు. 1969లో శాసనసభలో నిలబడి, ఇక్కడ మాట్లాడుతూ కూర్చుంటే పేదవాడికి ఒరిగేదేమీ లేదని రాజీనామా చేసి బయటికి నడిచాడు. ఆయన తేల్చిన లెక్కతో నాకు పేచీ ఉంది. కానీ ఆయన ఓటును నిరాకరించింది దాని లోతు చూసినాక, వెల కట్టి, దాని బదులు జైలుకు పోయి. సెలవు దొరికిందని ఊటీ పోయినవాడు 'వ్యవస్థ మీద నమ్మకం లేదు' అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది.

ఓటు పవిత్రమని పాఠం చెప్పే సర్కారు కూడా తక్కువది కాదు. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 నుంచి 20 లక్షల దాకా ఇస్తామంది. ఊరంతా ఓటు వేయకుండా ఉంటే బహుమానం, ఒక్కడు వేయకపోతే బాధ్యత లేనివాడు!

అవ్వ దగ్గరికి వస్తాను. ఏడున్నరకు వేలికి సిరాతో బయటికొచ్చింది. మొహంలో సంతోషం లేదు. ఏమైందవ్వా అంటే వక్కాకు తిత్తి విప్పింది. బీఎల్వో ఇంటికి తెచ్చిచ్చిన స్లిప్పులు నాలుగు. ఒకటి ఆమెది. మిగతా మూడు కొడుకువి, కోడలివి, పోయిన ఏడే పద్దెనిమిది నిండిన మనవడివి. వాళ్ల వీధికి ఈసారి ఏ బస్సూ పెట్టలేదు. మూడు స్లిప్పులూ లోపలి సార్ల ముందు బల్ల మీద పరిచిందంట.

"వాళ్ల ఓటు నేనేస్తానని గాదు నాయనా. అది తప్పని నాకూ తెలుసు. ఈ ముగ్గురూ సావలేదు, బెంగుళూర్లో ఉండారు, అంతే రాసుకోండి సామీ అంటి. అట్ల రాసే కాలం లేదవ్వా అన్యారు."

స్లిప్పులు మళ్లీ మడత పెట్టి, వక్కల పక్కన దోపి, తిత్తి మూతి తాడు లాగి కట్టింది.

"వచ్చేసారి గూడా ఎండాకాలమేనా?"